ఊరు వదిలినోడికే ఊరి పేరు: రాక్‌ఫెల్లర్ ఇంటిపేరు మీద ఒక కేస్ స్టడీ

మా ఇంటిపేరు ఒక ఊరి పేరు. ఆ ఊళ్లో మావాళ్లెవరూ లేరు, మా తాత పుట్టింది కూడా అక్కడ కాదు. చిన్నప్పుడు ఒకసారి బస్సులో పోతుంటే మా నాన్న కిటికీలోంచి చెయ్యి చూపించి ఇదేరా మన ఊరు అన్నాడు, మనం ఎప్పుడూ ఉండని ఊరు మనదెట్లా అయింది నాన్నా అంటే, అక్కణ్ణుంచి లేచొచ్చాం కాబట్టే మనకాపేరు, అక్కడే ఉంటే ఆ పేరు పెట్టి పిలవాల్సిన పని ఎవరికుంది అన్నాడు. ఆ ఒక్క మాట నేను చేసే పనిలో ఇప్పటికీ రోజూ అక్కరకొస్తుంది.

నేను చేసేది వంశవృక్షాల పని. ఉండేది న్యూజెర్సీలో, ఇక్కడ పాత జర్మన్ కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్ల ముత్తాతల ముత్తాతలు ఏ ఊరి నుంచి వచ్చారో కాగితాలు పట్టుకుని వెతికి రిపోర్ట్ రాసిస్తుంటా. ఈ కేసు ఒక పెద్దావిడది, పేరు, ఊరు చెప్పను, ఆవిడ సొంత శాఖ వివరాలూ ఇక్కడ పెట్టను, అవి ఆవిడవి. ఆవిడ నాయనమ్మ పుట్టింటి పేరు రాకఫెల్లో. అడిగినవి మూడే ప్రశ్నలు: ఇది ఆ ఆయిల్ కింగ్ జాన్ డి. రాక్‌ఫెల్లర్ ఇంటిపేరేనా, మేం ఫ్రాన్స్ జమీందార్లమని ఇంట్లో చెప్పుకుంటాం అది నిజమేనా, అసలు మా ఊరేది. మూడోది తేలితే మొదటి రెండూ వాటంతటవే తేలిపోతాయి, ఈ పనిలో ఎప్పుడూ అంతే.

ముందు స్పెల్లింగ్ సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మా స్పెల్లింగ్ వేరు, వాళ్ల స్పెల్లింగ్ వేరు, కాబట్టి మాకూ వాళ్లకీ సంబంధం లేదు అంటుంటారు. 18వ శతాబ్దంలో ఇంటిపేరుకి స్పెల్లింగ్ అనేదే ఒకటి ఉండేది కాదు, రాసే గుమాస్తా చెవికి ఎట్లా వినిపిస్తే అట్లా రాసుకునేవాడు, చెప్పేవాడు జర్మన్, రాసేవాడు ఇంగ్లీషువాడు, ఇంకేం. రాకెన్‌ఫెల్లర్, రాకెఫెల్లర్, రాకఫెల్లర్, రాకఫెల్లో, అన్నీ ఒకే ప్రాంతంలో ఒకే తరాల్లో కనిపిస్తాయి. ఫెల్లర్ కాస్తా ఫెల్లో ఎందుకయిందో కూడా ఊహించొచ్చు. ఇంగ్లీషులో మనిషిని ఫెల్లో అంటారు కదా, పల్లెటూరి యాసలో దాన్నే ఫెల్లర్ అంటారు, కాబట్టి చదువుకున్న గుమాస్తా ఫెల్లర్ అని వినగానే ఇది మొరటు ఉచ్చారణ అనుకుని సరిచేసి ఫెల్లో అని రాసి ఉంటాడు. ఆయన సరిచేసింది అసలు తప్పే కాదు, అది జర్మన్ మాట. న్యూజెర్సీలోని హంటర్డన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఇప్పటికీ రాకఫెల్లోస్ మిల్స్ అనే పేరుతో ఒక చోటు, ఒక రోడ్డు ఉన్నాయి, ఆ బోర్డు దాటినప్పుడల్లా ఆ గుమాస్తా గుర్తొస్తాడు నాకు.

ఇక ఫ్రాన్స్ కథ. ఇది ఆవిడ ఇంట్లో పుట్టింది కాదు, రాక్‌ఫెల్లర్ల గురించి చాలాకాలంగా తిరుగుతున్నదే. దక్షిణ ఫ్రాన్స్‌లో రోక్‌ఫెయ్ అనే పాత జమీందారీ వంశం ఉండేది, వాళ్లు ప్రొటెస్టంట్లయ్యారు, అక్కడ హింస భరించలేక జర్మనీకి పారిపోయారు, పేరు జర్మన్ నోళ్లలో నలిగి రాక్‌ఫెల్లర్ అయ్యింది అని. వినడానికి భలే ఉంటుంది, కోట, గుర్రాలు, మతం కోసం త్యాగం, అన్నీ ఉన్నాయి. ఆవిడ గోడ మీద ఫ్రేమ్ కట్టిన ఒక వంశ చిహ్నం కూడా ఉంది, ఎప్పుడో ఏదో ఎగ్జిబిషన్‌లో కొన్నదట. ఆ ఫ్రేమ్ గురించి మాట్లాడటానికి నాకు నిజంగా ఇబ్బందిగా అనిపించింది, కానీ చెప్పకుండా ఉండలేం కదా. వంశ చిహ్నం ఒక నిర్దిష్టమైన కుటుంబానికి చెందుతుంది, ఇంటిపేరుకి కాదు, ఒకే ఇంటిపేరున్న వందమందిలో ఒక్క ఇంటికి ఉండొచ్చు, మిగతా తొంభైతొమ్మిది మందికి దానితో ఏ సంబంధమూ ఉండదు.

కథని పరీక్షించడం మాత్రం తేలికే, తారీఖులు పక్కపక్కన పెడితే చాలు. ఫ్రాన్స్‌లో ప్రొటెస్టంట్లకి రక్షణ ఇచ్చిన నాంట్ శాసనాన్ని 14వ లూయీ రద్దు చేసింది 1685 లో, లక్షల మంది దేశం వదిలింది ఆ తర్వాతే. రాక్‌ఫెల్లర్ వంశంలో తెలిసిన తొలి మనిషి గోడార్డ్, సుమారు 1590 లో పుట్టాడు, రైన్ నది ఒడ్డున ఫార్ అనే ఊళ్లో, ఇప్పుడది నాయ్‌వీడ్ పట్టణంలో భాగం. అంటే పారిపోయొచ్చారు అనే కాలానికి దాదాపు వందేళ్ల ముందే వీళ్లు అక్కడ ఉన్నారు. 1572 లో కూడా ఫ్రాన్స్‌లో ప్రొటెస్టంట్ల హత్యాకాండ జరిగింది కదా, అప్పుడొచ్చి ఉండొచ్చు కదా అని ఆవిడ అడిగారు, మంచి ప్రశ్నే. దానికి జవాబు తారీఖుల్లో దొరకదు, ఇంటిపేరు లోపలే ఉంది.

ఫార్ నుంచి కొండెక్కితే వెస్టర్‌వాల్డ్ అనే అడవి ప్రాంతం అంచు వస్తుంది, అక్కడ రాకెన్‌ఫెల్డ్ అనే చిన్న ఊరు ఉండేది. ఉండేది అనే అనాలి, 1960 ల్లో జనం అక్కణ్ణుంచి వెళ్లిపోయారు, ఇప్పుడు ఒకటీ అరా కట్టడాలు తప్ప ఊరు లేదు. రాకెన్ అంటే పాత జర్మన్‌లో రై ధాన్యం, ఫెల్డ్ అంటే పొలం. రై మనకి పెద్దగా తెలీదు, గోధుమకి చుట్టం లాంటిది, చలిని తట్టుకుంటుంది, నేల అంత బాగా లేకపోయినా పండుతుంది, నల్లటి రొట్టె దానితోనే చేస్తారు. మన దగ్గర జొన్నచేను, కొర్రచేను అన్నట్టే అన్నమాట ఆ ఊరి పేరు. (ఇక్కడో మాట చెప్పకుండా ఉండలేను. రై పొలం పేరున్న ఈ ఇంటి డబ్బుతో 1913 లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ పుట్టింది, అది ఫోర్డ్ ఫౌండేషన్‌తో కలిసి 1960 లో ఫిలిప్పీన్స్‌లో అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ పెట్టింది, 1966 లో ఐఆర్8 విత్తనం అక్కడే వచ్చింది, 1967 లో దాన్ని మన పశ్చిమ గోదావరి ఆచంటలో వేసిన రైతు నెక్కంటి సుబ్బారావు గారు. రై పొలం నుంచి వరి మడికి ఎంత దూరమో చూడండి.)

ఇప్పుడు పేరు తయారైన తీరు చూద్దాం. జర్మన్‌లో ఊరి పేరుకి చివర "అర్" తగిలిస్తే ఆ ఊరివాడు అని అర్థం. మనం వేటూరు అనే ఊరిని ఇంటిపేరు చేసేటప్పుడు వేటూరి అంటాం, కొండవీడు కొండవీటి అవుతుంది, నిడదవోలు అట్లాగే ఉండిపోతుంది, అట్లా. ఆ లెక్కన రాకెన్‌ఫెల్డ్ మనిషి రాకెన్‌ఫెల్డర్ కావాలి. మరి మధ్యలో డకారం ఏమైంది? ఆ ప్రాంతం యాసలో ల్డ అనే జంట ల్ల అయిపోతుంది. దీనికి వేరే చోట ఎక్కడా సాక్ష్యం వెతకక్కర్లేదు, వెస్టర్‌వాల్డ్ జనం తమని తాము ఇవాళ్టికీ వెల్లర్ అనే చెప్పుకుంటారు, వాల్డ్ లోని డ ఎగిరిపోయింది చూడండి. కాబట్టి రాకెన్‌ఫెల్లర్. ఆ తర్వాత మధ్యలో నకారం. ఆ యాసలోనే మాట చివరి "ఎన్" లో న్ మింగేస్తారు, మనం వచ్చాను చూశాను అనకుండా వచ్చా చూశా అంటాం కదా, అచ్చం అదే. రాకెన్‌ఫెల్లర్ కాస్తా రాకెఫెల్లర్. ప్రతి మెట్టుకీ అక్కడి నేల మీదే కారణం దొరుకుతుంటే, ఫ్రాన్స్ దాకా పోవాల్సిన అవసరం ఏముంది?

ఇంకోటి గమనించండి, నాకు ఈ కేసులో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. రాకెన్‌ఫెల్డ్‌లో ఉన్నన్నాళ్లు ఎవర్నీ రాకెన్‌ఫెల్లర్ అనరు, ఊరంతా రాకెన్‌ఫెల్లర్లే అయితే ఆ పేరు ఎవర్ని గుర్తుపట్టడానికి? కొండ దిగి ఫార్‌కి వచ్చినప్పుడే, ఎవరీ పీటర్ అంటే ఆ రాకెన్‌ఫెల్డ్ నుంచి వచ్చినవాడు అని చెప్పాల్సొచ్చినప్పుడే ఆ పేరు పుడుతుంది. అంటే 1590 ప్రాంతంలో ఫార్‌లో ఈ ఇంటిపేరుతో ఒక మనిషి ఉన్నాడంటే, అప్పటికే ఒక వలస జరిగిపోయిందన్నమాట. సముద్రం దాటిన వలస రెండోది. మొదటిది కొండ దిగిన వలస, నాలుగడుగుల దూరమే, కానీ పేరుని పుట్టించింది అదే. దీంట్లోనే ఒక హెచ్చరిక కూడా ఉంది, ఒకే ఊరి నుంచి రెండు మూడు వేర్వేరు కుటుంబాలు దిగి ఉండొచ్చు, అందరికీ అదే పేరు వస్తుంది, పేరు కలిసినంత మాత్రాన రక్తం కలిసినట్టు కాదు.

చర్చి రిజిస్టర్ల గురించి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే పనంతా అక్కడే. అప్పట్లో జనన మరణాలకి ప్రభుత్వ రికార్డు ఉండేది కాదు, బాప్టిజం, పెళ్లి, ఖననం, ఈ మూడూ పాస్టర్ రాసేవాడు. రైన్‌లాండ్ ప్రొటెస్టంట్ చర్చి పుస్తకాలు ఇప్పుడు చాలావరకు ఆర్కియాన్ అనే పోర్టల్‌లో స్కాన్ రూపంలో దొరుకుతున్నాయి, 2015 లో మొదలైంది, డబ్బు కట్టి చూడాలి. పేజీ తెరవగానే కొత్తవాళ్లకి గుండె జారుతుంది, ఎందుకంటే అది కురెంట్ లిపి, పాత జర్మన్ గొలుసుకట్టు, ఈనాటి జర్మన్లకే చాలామందికి చదవడం రాదు. దాంట్లో "ఇ" (e) అక్షరం చూడటానికి "ఎన్" (n) లాగే ఉంటుంది, రెండూ రెండేసి పదునైన గీతలు, మధ్యలో సన్నటి లింకు. రాకెన్‌ఫెల్లర్ అనే పేరులో ఇ పక్కనే ఎన్ ఉంటుంది, కాబట్టి ఆ చోట వరసగా నాలుగు గీతలు గడ్డిపరకల్లా నిలబడి ఉంటాయి, ఏ గీత ఏ అక్షరంలోదో చెప్పలేం. నేను చేసేదేంటంటే అదే పాస్టర్ చేత్తో రాసిన, నాకు ముందే తెలిసిన మాటల్ని, అంటే నెలల పేర్లు, ఊళ్ల పేర్లు ఉంటాయి కదా, వాటిని ఒక కాగితం మీద అక్షరం అక్షరం కాపీ చేసుకుని పక్కన పెట్టుకుంటా, ఈయన ఇ ఇట్లా రాస్తాడు, ఎన్ ఇట్లా రాస్తాడు అని. సగం రోజు దానికే పోతుంది, కానీ ఆ తర్వాత చదవడం పరుగు పెడుతుంది.

ఇంకో రెండు చోట్ల జాగ్రత్త పడాలి. ఒకటి, ఆడవాళ్ల ఇంటిపేరు చివర "ఇన్" చేరుతుంది, రాకెన్‌ఫెల్లరిన్ అని ఉంటే అది వేరే ఇంటిపేరు కాదు, రాకెన్‌ఫెల్లర్ ఇంటి ఆడమనిషి అని. రెండోది యోహాన్. ఒకే ఇంట్లో యోహాన్ పీటర్, యోహాన్ విల్‌హెల్మ్, యోహాన్ గాడ్‌ఫ్రీడ్ అని ముగ్గురు అన్నదమ్ములు ఉంటారు, చూసేవాళ్లు ఇదేంటి అందరికీ ఒకే పేరు అనుకుంటారు. మనకి ఇది చెప్పక్కర్లేదు, మన ఇళ్లలో వెంకట సుబ్బారావు, వెంకట రమణ, వెంకట సత్యనారాయణ ఉండరా? వెంకట దేవుడికి, పిలుపు రెండోదానితో. యోహాన్ కూడా అట్లాంటిదే. ఆ యోహాన్ పీటర్ అమెరికా వచ్చాక భూమి కాగితాల్లో ఒట్టి పీటర్‌గా కనిపించొచ్చు, కాబట్టి యోహాన్ అని మాత్రమే వెతికితే మనిషి చేజారిపోతాడు. తారీఖులు కూడా చూసుకోవాలి, జర్మనీలో ప్రొటెస్టంట్ రాజ్యాలు కొత్త క్యాలెండర్‌కి మారింది 1700 లో, బ్రిటిష్ కాలనీలు మారింది 1752 లో, మధ్యలో సముద్రానికి అటూ ఇటూ 11 రోజుల తేడా నడిచింది.

ఎందుకు వదిలారు? దీనికి రాక్‌ఫెల్లర్ల సొంత ఉత్తరమేదీ నా చేతికి రాలేదు, కానీ ఆ ప్రాంతం, ఆ కాలం పరిస్థితి బాగా తెలిసిందే. రైన్‌లాండ్‌లో చాలాచోట్ల ఆస్తి పిల్లలందరికీ సమానంగా పంచాలి. రెండు తరాలు, మూడు తరాలు పంచుకుంటూ పోతే మిగిలేది ఏంటో అన్నదమ్ముల పంపకాలు చూసిన మనకి ఒకరు చెప్పాలా, గట్లు ఎక్కువ, చేను తక్కువ. దానికి తోడు 1708-09 చలికాలం, యూరప్‌లో అంత చలి ఎవరికీ గుర్తులేదన్నారు, నదులు గడ్డకట్టాయి, ద్రాక్షతోటలు వేళ్లతో సహా చచ్చిపోయాయి. అదే సమయంలో యోషువా కోకర్‌టాల్ అనే పాస్టర్ అమెరికాలోని కరోలినా గురించి రాసిన చిన్న పుస్తకం చేతులు మారుతోంది, లోపల ఇంగ్లండ్ రాణి ఆన్ బొమ్మ, పేరు బంగారు అక్షరాల్లో, అందుకే జనం దాన్ని బంగారు పుస్తకం అనేవాళ్లు. 1709 లో సుమారు 13,000 మంది జర్మన్లు మూటాముల్లె సర్దుకుని లండన్ చేరుకున్నారు.

పోవడం కూడా ఊరికే కాదు. చాలా రాజ్యాల్లో మామూలు రైతు దొరకి కట్టుబడి ఉండేవాడు, పోవాలంటే విడుదల పత్రం తీసుకోవాలి, దానికి రుసుం, పైగా చాలాచోట్ల పట్టుకెళ్లే ఆస్తిలో పదో వంతు. మాలాంటివాళ్లకి ఆ రుసుం పద్దులే నిధి, ఎందుకంటే డబ్బు చేతులు మారినచోట ఎవడో ఒకడు తప్పకుండా రాసి పెడతాడు. ఆ తర్వాత పడవలో రైన్ మీదుగా రాటర్‌డామ్. దారి పొడుగునా సుంకం చౌకీలు, 1750 లో హైల్‌బ్రాన్ వైపు నుంచి వెళ్లిన గాట్లీబ్ మిట్టెల్‌బర్గర్ అనే ఆయన హాలండ్ చేరేలోపు 36 చౌకీలు అని లెక్క రాశాడు, ప్రతి చోటా పడవ ఆపి, అధికారుల తీరిక కోసం ఎదురుచూస్తూ, దాచుకున్న డబ్బు ఖర్చుపెట్టుకుంటూ. నాయ్‌వీడ్ వాళ్లు నదికి దిగువన ఉన్నారు కాబట్టి వాళ్లకి అన్ని పడి ఉండవు, అదొక్కటే ఊరట.

యోహాన్ పీటర్ రాక్‌ఫెల్లర్ సుమారు 1723 లో భార్యనీ ఐదుగురు పిల్లల్నీ తీసుకుని ఫిలడెల్ఫియా చేరాడు. మిల్లు నడిపేవాడు, అంటే పిండిమర. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది. ఓడ పేరు దొరికితే రిపోర్ట్ నిండుగా ఉంటుందని ఫిలడెల్ఫియా ఓడల జాబితాల్లో రెండు వారాలు వెతికా, అన్ని స్పెల్లింగులతో. ఏమీ లేదు. ఆ తర్వాత జాబితాల మొదటి పేజీకి వెళ్లి తారీఖు చూశా. ఆ జాబితాలు మొదలైందే 1727 లో. జర్మన్లు మరీ ఎక్కువమంది దిగుతున్నారని పెన్సిల్వేనియా పాలకులు భయపడి, దిగిన ప్రతి మగవాడూ ఇంగ్లండ్ రాజుకి విధేయత ప్రమాణం చేసి సంతకం పెట్టాలని అప్పుడు రూలు పెట్టారు, జాబితాలు పుట్టింది ఆ భయం వల్ల. 1723 లో వచ్చినవాడికి జాబితాలో పేరు ఉండే వీలే లేదు. లేని కాగితం కోసం రెండు వారాలు. ఇప్పుడు ఏ రికార్డు తెరిచినా ముందు అది ఎప్పుడు మొదలైందో, ఎందుకు మొదలైందో చూసి గానీ లోపలికి వెళ్లను. కొన్ని వెబ్‌సైట్లలో యోహాన్ పీటర్‌కి ఓడ పేరు కూడా రాసేస్తుంటారు, కాగితం చూపించమంటే మాత్రం ఉండదు.

అతను ముందు సోమర్‌విల్‌లో, ఆ తర్వాత ఆమ్‌వెల్‌లో స్థిరపడ్డాడు, రెండూ న్యూజెర్సీలోవే, బాగానే కలిసొచ్చింది, చాలా భూమి కొన్నాడు. పదేళ్లు దాటాక అతని చుట్టం డీల్ రాక్‌ఫెల్లర్ కూడా జర్మనీ వదిలి న్యూయార్క్ కాలనీలో జర్మన్‌టౌన్ చేరాడు. ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది, జర్మన్‌టౌన్ అనగానే ఫిలడెల్ఫియా పక్కన 1683 లో క్రెఫెల్డ్ కుటుంబాలతో మొదలైన ఊరు అనుకుంటారు. ఇది అది కాదు, హడ్సన్ నది ఒడ్డున ఉన్నది. దాని కథ వేరు, పైన చెప్పిన 13,000 మందిలో దాదాపు 3,000 మందిని 1710 లో గవర్నర్ రాబర్ట్ హంటర్ న్యూయార్క్ పట్టుకొచ్చాడు, బ్రిటిష్ నౌకాదళానికి పైన్ చెట్ల నుంచి తారు తీసి పెట్టాలి, అట్లా ప్రయాణం ఖర్చు తీర్చాలి. రాబర్ట్ లివింగ్‌స్టన్ అనే పెద్ద జమీందారు దగ్గర 6,000 ఎకరాలు కొని శిబిరాలు వేశారు. తారు రాలేదు, 1712 కల్లా స్కీమ్ కూలిపోయింది, జనం చలిలో తిండి లేక చెల్లాచెదరయ్యారు, ఆ శిబిరాల్లో మిగిలిన ఈస్ట్ క్యాంప్ అనేదే తర్వాత జర్మన్‌టౌన్ అయింది. డీల్ వచ్చేసరికి అక్కడ జర్మన్ మాట, జర్మన్ చర్చి సిద్ధంగా ఉన్నాయి. మనవాళ్లు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో దిగినట్టే, తెలిసిన మొహాలు ఉన్నచోటే కదా ఎవరైనా పెట్టె దించేది. లివింగ్‌స్టన్ పేరు మాత్రం గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

ఇప్పుడు తెలుగువాళ్లకి కొంచెం కొరుకుడుపడని విషయం. న్యూజెర్సీ యోహాన్ పీటర్ మనవడు విలియం రాక్‌ఫెల్లర్, న్యూయార్క్ డీల్ మనవరాలు క్రిస్టినా రాక్‌ఫెల్లర్, వీళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. మన దగ్గర ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్ల వరస, సంబంధం మాటే ఎత్తరు, మేనరికానికి అభ్యంతరం లేదు గానీ ఇంటిపేరు ఒకటే అయితే మాత్రం పెద్దవాళ్లు లేచి వెళ్లిపోతారు. వాళ్లకి ఆ పట్టింపు లేదు. వంశవృక్షం గీసేవాడికి మాత్రం దీనివల్ల తలనొప్పి, పెళ్లి రికార్డులో వధువు ఇంటిపేరు కూడా రాక్‌ఫెల్లరే ఉంటే చూసేవాడు ఇది పెళ్లయ్యాక వచ్చిన పేరు పొరపాటున రాశారు అనుకుని ఆవిడ పుట్టింటిని ఖాళీగా వదిలేస్తాడు, ఆ ఒక్క తప్పుతో డీల్ శాఖ మొత్తం చెట్టు మీద నుంచి రాలిపోతుంది. జాన్ డి. రాక్‌ఫెల్లర్‌కి ముత్తాత, ముత్తవ్వ వీళ్లే. అంటే ఆయనకి ఆ ఇంటిపేరు రెండు వైపుల నుంచి, రెండు ఓడల్లో వచ్చింది.

ఆ తర్వాత నడక త్వరగా చెప్పేస్తా. వాళ్ల కొడుకు గాడ్‌ఫ్రీ, పేరు చూడండి, ఫార్‌లోని ఆ గోడార్డ్‌కి దగ్గరగా లేదూ, 1806 లో మసాచుసెట్స్‌లోని గ్రేట్ బారింగ్టన్‌లో లూసీ ఏవరీని పెళ్లాడాడు, 1830 ల మొదట్లో కుటుంబం న్యూయార్క్ రాష్ట్రంలోని రిచ్‌ఫర్డ్ చేరింది, అక్కడే 1839 జులై 8న జాన్ డి. పుట్టాడు, 1853 లో ఒహాయోకి మారారు, 1870 లో ఆయన స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ పెట్టాడు. ఇంటిపేరు ప్రతి తరంలోనూ ఒక కౌంటీ దాటుతూనే ఉంది. 1850 కి ముందు అమెరికా జనాభా లెక్కల్లో ఇంటి యజమాని పేరొక్కటే రాసేవాళ్లు, మిగతావాళ్లు ఒట్టి అంకెలు, అందుకే ఈ దశలో వీలునామాలు, భూమి దస్తావేజులు, సమాధి రాళ్లు తప్ప దిక్కులేదు.

ఆవిడ మొదటి ప్రశ్నకి జవాబు ఇక్కడ చెప్పేయొచ్చు, ఇంటిపేరు అదే, ఊరు అదే, రాకఫెల్లో కావడం గుమాస్తా చలవ. ఆవిడ శాఖ ఏ పిల్లాడి నుంచి వచ్చిందనేది వాళ్ల రిపోర్ట్‌లో ఉంది. ఫ్రాన్స్ కథ గురించి కూడా ఆవిడకి నెమ్మదిగా, కాగితాలు ఒక్కొక్కటే ముందు పెట్టి చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత రాకెన్‌ఫెల్డ్ అనే మాట నాతో నాలుగుసార్లు పలికించుకుని తనూ పలికి చూసుకున్నారు. రై పొలం బాగుంది, కోట కంటే నమ్మొచ్చు అన్నారు.

ఆవిడతో కలిసి లారిసన్స్ కార్నర్‌కి వెళ్లాం, పాత ఆమ్‌వెల్ ప్రాంతంలోనే, రింగోస్ దగ్గర. అక్కడ యోహాన్ పీటర్‌కి ఒక స్మారక రాయి ఉంది. జర్మనీ నుంచి సుమారు 1723 లో వచ్చాడనీ, 1763 లో చనిపోయాడనీ, కుటుంబ శ్మశానానికి ఈ నేల ఇచ్చింది అతనేననీ దానిమీద చెక్కి ఉంది, కింద ఈ రాయి 1906 లో వేయించింది నేరుగా అతని వంశంవాడైన జాన్ డేవిసన్ రాక్‌ఫెల్లర్ అని. నేను ఆ "సుమారు" అనే మాట దగ్గర చాలాసేపు నిలబడ్డా. ప్రపంచంలో అంత డబ్బున్న మనిషి, తనకి ఇష్టమైన ఏడాది చెక్కించుకోగలిగేవాడు, తెలియనిచోట సుమారు అని చెక్కించాడు. మా పనిలో వాళ్లందరూ వెళ్లి చూడాల్సిన రాయి అది.

1906 అనే అంకె దగ్గరే ఈ కేసులో ఇంకో సమాధి ఉంది. జాన్ డి. తండ్రి విలియం ఏవరీ రాక్‌ఫెల్లర్, 1810 లో ఆంక్రమ్‌లో పుట్టాడు, ఊరూరా తిరిగి మందులమ్మేవాడు, నెలల తరబడి ఇంటికి రాడు. 1855 లో, మొదటి భార్య ఎలైజా బతికుండగానే, కెనడాలోని ఆంటారియోలో మార్గరెట్ అనే ఆవిణ్ణి రెండో పెళ్లి చేసుకున్నాడు, ఇంకో పేరుతో, డాక్టర్ విలియం లెవింగ్‌స్టన్ అని. ఆ పేరుతోనే ఇల్లినాయ్‌లోని ఫ్రీపోర్ట్‌లో కాపురం ఉన్నాడు. అతను పుట్టిన ఆంక్రమ్ పాత లివింగ్‌స్టన్ జమీందారీలోదే, చిన్నప్పుడు చుట్టూ వినపడే పెద్దింటి పేరునే కాస్త మార్చి తగిలించుకున్నాడని నా అంచనా, అంచనా మాత్రమే, రిపోర్ట్‌లో కూడా అట్లాగే రాశా. ఒక పత్రిక అతను ఎక్కడున్నాడో చెప్పినవాళ్లకి 8,000 డాలర్లు ఇస్తానంది, 1908 లో గానీ నిజం అచ్చులోకి రాలేదు, అప్పటికే మనిషి పోయి రెండేళ్లు. నా చార్టులో యోహాన్ పీటర్ గడి పక్కన స్మారకం 1906, లారిసన్స్ కార్నర్ అని రాసుంది. నాలుగు తరాలు కిందికి వస్తే విలియం ఏవరీ గడి, మరణం 1906 మే 11, సమాధి ఫ్రీపోర్ట్, రాయి మీద పేరు లెవింగ్‌స్టన్.